పోయిన లెగ్ బ్రేక్

అక్టోబరు మొదటి వారంలో ఒకరోజు మా ఆయన గ్రౌండు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వరండాలో కుర్చీలో కూలబడ్డాడు. ఇడ్లీల పళ్లెం ముందు పెడితే దాని వంక చూడలేదు. కుడిచెయ్యి ముందుకు చాపి మణికట్టు ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు, ఆగి దాన్నే చూస్తాడు. అరవై ఒకటి దాటిన మనిషి, బీపీ ఉన్న మనిషి.

"ఏటయిందండీ? సెయ్యి తిమ్మిరెక్కిందేటి?" అన్నాను.

"నా సెయ్యి కాదే. ఆ పిల్ల సెయ్యి," అన్నాడు. "ధనశ్రీకి లెగ్ బ్రేక్ పోనాది."

బస్సులో పర్సు పోయిందన్నట్టు చెప్పాడు. పోతే పోయింది, ముందు రెండు ఇడ్లీలు తినండి అనబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆ మొహం ఒక్కసారే చూశాను. ఓడలోంచి సరుకు దింపుతుండగా తాడు తెగి, ఆయనకి రెండడుగుల పక్కన బరువంతా పడ్డ రోజున.

ముందు ఆయన గురించి చెప్పాలి. పేరు చలమయ్య. మొగుణ్ని పేరు పెట్టి పిలవడం మా ఇళ్లల్లో లేదు గాని, రాయడానికి అడ్డేమీ ఉండదనుకుంటాను. పోర్టులో ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసి పోయినేడాది రిటైరయ్యాడు. ఆయన పని సైగలు చెయ్యడం. ఓడ అడుగున ఏముందో పైన క్రేనులో కూర్చున్నవాడికి కనబడదు, ఆ రొదలో ఎవరి కేకా ఎవరికీ వినబడదు. అంచున నిలబడ్డ ఒక మనిషి చెయ్యి చూసే క్రేను నడుస్తుంది. ఎత్తు, దించు, ఆగు, కాస్త ఎడమకి. అన్నేళ్లు అదే చేసి చేసి, ఆయనకి మనుషుల మొహాలు గుర్తుండవు గాని చేతులు గుర్తుంటాయి. పెళ్లిళ్లలో నా చెవి దగ్గరకొచ్చి "ఆ మణికట్టు లావు ఆవిడ ఎవులే?" అని అడుగుతాడు. నాకు తల కొట్టేసినట్టుంటుంది.

కంచరపాలెంలో మా ఇంటికి నాలుగు సందుల అవతల, రైలు పట్టాల పక్కన ఒక గ్రౌండు ఉంది. పదిహేనేళ్లుగా డ్యూటీ వీలు చూసుకుని, ఇప్పుడు రోజూ, పొద్దున్నే అక్కడ పిల్లలకి స్పిన్ నేర్పుతున్నాడు. అందులోనూ మణికట్టుతో తిప్పే స్పిన్ ఒక్కటే. వేళ్లతో తిప్పేవాళ్లని ఆయన లెక్కలోనే వెయ్యడు. వాళ్లకి బంతి ఇచ్చి పంపేస్తే వాళ్లే నేర్చుకుంటారట. ఈ ముక్కలన్నీ నాకు అక్కర్లేకపోయినా వచ్చేశాయి. వంటింట్లోకి వచ్చి నిమ్మకాయ తీసి, చూపుడువేలూ మధ్యవేలూ పైన ఆనించి, ఉంగరపువేలు మడిచి కింద పెట్టి, "సూడే, పనంతా ఈ ఉంగరపేలుదే" అని చూపించేవాడు. ఆయన చూపించడం అయ్యాక నేను ఆ నిమ్మకాయ కోసి పులిహోరలో పిండేసేదాన్ని.

కుడిచేతి బ్యాటరు ముందు పడి, ఒంటికి దూరంగా బయటికి తిరిగేది లెగ్ బ్రేక్. అచ్చం అలాగే వేసినట్టు కనబడి, పడ్డాక లోపలికి తిరిగేది గూగ్లీ. మొదటిది అన్నం, రెండోది ఆవకాయ అంటాడు మా ఆయన. లెగ్ బ్రేక్ వేసేటప్పుడు మణికట్టు పక్కకి ఉంటుంది. గూగ్లీకి దాన్ని ఇంకాస్త తిప్పి, చేతి వెనకభాగం బ్యాటరుకి కనబడేలా వదలాలి. ఆ ఇంకాస్త దగ్గరే ప్రమాదం. మోజులో పడి అదేపనిగా గూగ్లీలు వేస్తే మణికట్టు అక్కడే అలవాటు పడిపోతుంది. మళ్లీ లెగ్ బ్రేక్ వెయ్యబోతే బంతి తిన్నగా పోతుంది, లేదంటే లోపలికే వస్తుంది. చెయ్యి పాత దారి మరిచిపోతుంది.

ధనశ్రీకి జరిగింది అదే. చేసింది మా ఆయనే.

ఆ పిల్లది పద్మనాభం ఊరు. తండ్రి అర్జునరావుకి రెండెకరాల వరి. పిల్ల టౌన్లో ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. పొద్దున్నే మొదటి బస్సెక్కి ఆనందపురం మీదుగా వచ్చి, మా గ్రౌండులో గంటన్నర బంతులేసి, మా ఇంట్లో బట్టలు మార్చుకుని, నేను పెట్టింది తిని కాలేజీకి పోతుంది. టౌన్లో హైస్కూలుకి వచ్చే రోజులనుంచీ, మూడేళ్లుగా ఇదే వరస. సన్నగా పొడుగ్గా ఉంటుంది, మాట తక్కువ. చెయ్యి గురించి మాత్రం మా ఆయన మొదటి వారంలోనే చెప్పేశాడు, "అలాటి సెయ్యి మరి నాను సూణ్నేదే" అని.

నిరుడు జిల్లా అమ్మాయిల జట్టు సెలక్షన్స్‌కి వెళితే, బాగానే తిప్పుతోంది గాని ఒకటే రకం బంతి వేస్తోందని పక్కన పెట్టారు. అర్జునరావు మంచివాడే, కానీ ఎన్నాళ్లని పంపుతాడు? "ఈ ఏడు కూడా పేరు రాకపోతే ఇంక సాలు పాపా. ఇంటర్ అయ్యాక నర్సింగులో సేరిపోదువుగాని" అనేశాడు. ఆ మాట విన్నప్పటినుంచి మా ఆయనకి కాలు నిలవలేదు. రెండో బంతి ఉండాలి, అదీ తొందరగా ఉండాలి. జులైలో గూగ్లీ మొదలుపెట్టాడు.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో సందడే సందడి. నెట్ ప్రాక్టీసులో మగపిల్లల్లో ఒక్కడికీ ఆ గూగ్లీ అంతుపట్టలేదట. బయటికి పోతుందనుకుని బ్యాటు ఎత్తి వదిలేస్తే వెనకాల వికెట్లు పడిపోయేవట. మా ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు. రోజుకి అరవై గూగ్లీలు, డెబ్బై గూగ్లీలు. ఇంక చాల్లెండి అని చెప్పడానికి అక్కడ నేను లేను, ఉన్నా అంత తెలివి నాకు లేదు.

ఆ గ్రౌండులో పిచ్ సిమెంటుది. దాని మీద కొబ్బరిపీచు చాప పరిచి, అంచుల్లో మేకులు కొట్టి బిగిస్తారు. ఆ చాప గరుక్కి ఎవరు ఏ బంతి వేసినా ఎంతో కొంత తిరుగుతుంది. పిల్ల లెగ్ బ్రేక్ రోజురోజుకీ చచ్చిపోతూ ఉంటే, చాప దాన్ని తిప్పి పెడుతూ వచ్చింది. బంతి తిరుగుతోంది కదా అని ఈయన చెయ్యి చూడలేదు. చేతులు చూసి జీతం తీసుకున్న మనిషి, చూడాల్సిన చెయ్యి చూడలేదు. సెప్టెంబరు ఆఖర్లో వానలకి చాప నానిపోతే ఆరబెట్టడానికి ఎత్తేశారు. పక్కన మట్టి మీద వేయించాడు. పది లెగ్ బ్రేకులు వేస్తే పదీ తిన్నగా పోయాయి.

సెలక్షన్స్‌కి అప్పటికి పన్నెండు రోజులు.

ఆయన భయం అంతటితో ఆగేది కాదని నాకొక్కదానికే తెలుసు. ఆయనకి ఇరవై రెండేళ్లప్పుడు పోర్టు జట్టుకి ఆటగాళ్లని తీసుకున్నారు. జట్టులో చోటంటే ఉద్యోగం. తండ్రి పోయి ఏడాది అయింది, వెనక ముగ్గురు చెల్లెళ్లు. ఈయనేమో కొత్తగా గూగ్లీ నేర్చుకుని, ఇదే మోజులో పడి, ఇలాగే లెగ్ బ్రేక్ పోగొట్టుకుని ఉన్నాడు. సెలక్షన్ రోజున లెగ్ బ్రేక్ జోలికే పోకుండా అన్నీ గూగ్లీలే వేశాడు. నలుగురు అవుటయ్యారు. ఉద్యోగం వచ్చింది. మరుసటేడుకి బ్యాటర్లందరికీ సంగతి తెలిసిపోయింది. ఇతని బంతి లోపలికే వస్తుందని కాచుకుని కొట్టారు. బయటికి తిప్పుదామంటే చెయ్యి మాట వినలేదు. ఏడాదిన్నర ఒక్కడే గోడకేసి వేసుకున్నాడట. రాలేదు. జట్టులోంచి తీసి ఓడల మీదకి పంపేశారు. అడిగినవాళ్లందరికీ భుజం నెప్పి అని చెప్పుకున్నాడు. పిల్లలకి నేర్పేటప్పుడు కూడా చెయ్యి తిప్పి చూపిస్తాడే గాని బంతి వదలడు. పెళ్లయిన రెండో ఏడు, టైఫాయిడ్‌తో పడుకున్నప్పుడు నాకు ఇదంతా చెప్పాడు. మళ్లీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

అందుకే ఆ రోజు ఇడ్లీలు ముట్టలేదు.

మర్నాడు పిల్లని పిలిచి "గూగ్లీ బంద్" అన్నాడు. "నాను సెప్పిందాకా దాని పేరెత్తకు." పాత బంతి ఒకటి తెచ్చి, నా కుట్టుమిషను సొరుగులోంచి తెల్ల టేపు తీసి, బంతి కుట్టు మీద చుట్టూ అతికించాడు. పిల్లని గోడకి మూడు గజాల దూరంలో పక్కకి తిప్పి నిలబెట్టి, పరుగు లేదు, ఊపు లేదు, చెయ్యి కిందికి దించి మణికట్టుతో మాత్రం బంతి తిప్పమన్నాడు. తెల్లగీత కీపరు పక్కన స్లిప్ ఫీల్డరు ఉండే వైపుకి తిరిగి చక్రంలా పోతే అది లెగ్ బ్రేక్. గీత అటూ ఇటూ ఊగినా, ముందుకి తిరిగినా అది చెడిపోయిన చెయ్యి. గ్రౌండులో గంటన్నర అయ్యాక మా వరండాలో ఇంకో అరగంట. గోడకి బంతి తగిలిన చప్పుడు వినలేక నేను మిషను తొక్కుతూ కూర్చునేదాన్ని. మిషను ఆపితే ఆయన లెక్క వినబడేది.

మొదటిరోజు వందకి నాలుగు. రెండోరోజు ఏడు. మూడోరోజు వాయుగుండం అని వాన, బస్సు రాలేదు. మా ఆయన గొడుగేసుకుని గేటు దగ్గర ఎనిమిదింటిదాకా నిలబడ్డాడు. బస్సు రాలేదని పిల్ల ఫోన్ చేసి చెప్పాక కూడా నిలబడ్డాడు. నాలుగోరోజు మళ్లీ వాన. అయిదోరోజు వందకి రెండు.

"సార్, వొచ్చీత్తాదా?" అని అడిగింది ఆ పిల్ల, బంతి రెండు చేతుల్లో పట్టుకుని.

"వొచ్చీత్తాదమ్మా. తొందరేటీ నేదు," అన్నాడు. అని నా వైపు చూశాడు. నేను తల దించుకుని సూదిలో దారం ఎక్కించాను. ఎక్కలేదు.

ఆ వారం ఆయనతో కాపురం చెయ్యడం నావల్ల కాలేదు. బీపీ మాత్ర ఒకరోజు మరిచిపోయాడు, మరోరోజు రెండు వేసుకున్నాడు. కూరలో ఉప్పెక్కువైందని కసిరాడు, నేను అప్పటికి కూరే వండలేదు. ముందురోజుది. పోనీలే అని ఊరుకున్నాను. ఎనిమిదోరోజు పద్నాలుగు, తొమ్మిదోరోజు పదకొండు. పదోరోజు సాయంత్రం ఫోన్ చూసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఒక్కొక్కలకి పద్దెనిమిది బంతులిత్తారంట," అన్నాడు. "పద్దెనిమిదీ లెగ్ బ్రేకులే ఎయ్యమన్నాను."

"అయి పడతన్నాయా?"

"పడట్నేదు."

"మరి?"

"పడకపోయినా అయ్యే ఎయ్యాల."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఉన్నదాన్ని వొదిలీసి నేనిదాన్ని ఎయ్యమంతన్నారు. ఆ పిల్ల బతుకండీ అది. ఈసారి పేరు రాకపోతే వాళ్ల నాన్న పంపడు."

"బతుకు కాబట్టే సెప్తన్నాను. గూగ్లీ ఏస్తే ఆదివారం పేరొచ్చీత్తాది. గూగ్లీతో పేరొచ్చీసిందంటే అందరూ అదే అడుగుతారు. ఆ పిల్లా అదే ఏత్తాది. మరింక ఎనక్కి రానేదు. రెండేళ్లకి అయిపోద్ది."

"అయిపోతే అయిపోద్ది. మీకు అయిపోనాదని మనం బతకనేదేటి? ఈ ఇల్లు, పిల్లోడి సదువు, మీ సెల్లెళ్ల పెళ్లిళ్లు, అన్నీ ఆ గూగ్లీ పెట్టినవే కదా."

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. అన్నాక నాకూ బాగోలేదు. అన్నదాంట్లో అబద్ధం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

శనివారం మధ్యాహ్నం ధనశ్రీ తెల్ల ప్యాంటు తెచ్చింది. కొత్తది, పొడుగైపోయింది, అంచు మడిచి కుట్టాలి. మా ఆయన మందుల షాపుకి వెళ్లాడు. పిల్లని స్టూలు మీద నిలబెట్టి, పాదాల దగ్గర కూర్చుని గుండుసూదులు పెడుతూ, నేను చెయ్యకూడని పని చేశాను. మా ఆయన కథంతా చెప్పేశాను. ముప్ఫై రెండేళ్లు కడుపులో దాచుకున్నది ఒక ప్యాంటు అంచు పూర్తయ్యేలోగా చెప్పేశాను.

"అంచేత నా మాట ఇను," అన్నాను. "సార్‌కి తెలవక్కర్నేదు. రేపు గూగ్లీ ఏసీ. ముందు పేరు రానీ. లెగ్ బ్రేక్ సంగతి తరవాత సూసుకుందువుగాని. సార్ కూడా అలాగే ఏసి పేరు తెచ్చుకున్నారు."

పిల్ల "మరి ఉద్యోగం వొచ్చాక సార్ ఏం సేసారాంటీ?" అంది.

"ఏటి సేత్తారు? సేసుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్లు."

"ఉద్యోగం కాదాంటీ. బౌలింగు."

నేను గుండుసూది నోట్లో పెట్టుకుని ఉన్నాను. దాని వంకన జవాబు తప్పించుకున్నాను. రెండో కాలు ముందుకి పెట్టమ్మా అన్నాను.

ఆదివారం మా ఆయన నన్ను కూడా రమ్మన్నాడు. ఎన్నడూ లేనిది, క్రికెట్‌కి నన్ను రమ్మనడం. ఒక్కడే ఉండలేడని అర్థమై పనులన్నీ వదిలేసి వెళ్లాను. పెద్ద గ్రౌండు, పచ్చటి గడ్డి, పిచ్ మీద చాప లేదు. తాడు కట్టి, పిల్లలతో వచ్చినవాళ్లని అవతలే ఆపేశారు. షామియానా కింద ముగ్గురు సెలక్టర్లు. అందులో ఉమామహేష్ అనే అతను నిరుడు కూడా ఉన్నాడట. షామియానా మాకు పదడుగుల్లోనే ఉంది.

పదకొండు దాటాక ధనశ్రీని పిలిచారు. గూగ్లీ వేస్తుందో వెయ్యదో తెలీదు. వేస్తే నా మాట విన్నట్టు, పక్కనున్న మనిషి గుండె ఆగిపోతుంది. వెయ్యకపోతే పేరు రాదు. ఏది జరగాలని దండం పెట్టుకోవాలో తెలియక, ఊరికే దండం పెట్టుకున్నాను.

మొదటి బంతి నేల తాకకుండానే బ్యాటు మీదకి వెళ్లిన ఫుల్ టాస్. ఫోర్ కొట్టారు. రెండోది కాళ్ల వైపు దూరంగా పోతే వికెట్ కీపర్ కూడా పట్టలేకపోయింది. మూడోది పొట్టిగా పడింది, దాన్నీ బాదారు. నాలుగూ అయిదూ తిన్నగా పోయాయి. ఆరోది తిరిగింది, బ్యాటుకి అందలేదు. మా ఆయన ఊపిరి బయటికి వదిలాడు. రెండో ఓవర్లో మళ్లీ రెండు ఫోర్లు. వెనకాల ఎవరో తండ్రి, "ఈ పిల్లకి చేతిలో బంతి నిలవట్లేదు" అన్నాడు. వాడి పళ్లు రాలగొడదామనిపించింది.

పన్నెండు బంతులయ్యాయి. ఉమామహేష్ కుర్చీలోంచి లేచి తాడు దగ్గరికొచ్చాడు. పిల్లని దగ్గరికి పిలిచి, మంచిగానే అడిగాడు.

"నిరుడు వచ్చావు కదా నువ్వు. అప్పుడూ ఇదే బంతి. గూగ్లీ ఏదైనా నేర్చుకున్నావా పాపా? ఉంటే వెయ్యి, చూద్దాం."

ధనశ్రీ మా వైపు చూసింది. మా ఆయన తల దించుకుని నేల చూస్తున్నాడు. ఆయన కావాలనే చూడ్డం లేదని నాకు తెలుసు, చూస్తే చెయ్యి ఏదో ఒక సైగ చేసేస్తుంది. నేను మాత్రం తలూపాను. ఒకసారి కాదు, మూడుసార్లు ఊపాను. ఉందని చెప్పవే తల్లీ, ఉందని చెప్పు.

"నేదు సార్," అంది ధనశ్రీ.

ఉమామహేష్ సరే అని వెనక్కి వెళ్లిపోయాడు. మా ఆయన తాడు పట్టుకున్నాడు. నాకు ఆ పిల్ల మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పెట్టిన ఇడ్లీలన్నీ గుర్తొచ్చాయి, కుట్టిన ప్యాంటు గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, అవి కోపానివో కాదో నాకు తెలీదు. ఆఖరి ఓవర్లో ఒకటి ఫోర్ పోయింది. నాలుగోది తిరిగింది. ఆఖరిది ఎడమకాలి అవతల పడి, బ్యాటునీ తప్పించుకుని, వికెట్లనీ తప్పించుకుని, కీపర్‌ని కూడా దాటిపోయింది. బ్యాటింగు చేసే పిల్ల వెనక్కి తిరిగి పిచ్ వంక చూసింది.

నాలుగింటికి పదిహేను పేర్లు చదివారు. ధనశ్రీ పేరు లేదు. ఉమామహేష్ మా ఆయన దగ్గరికొచ్చి, "బంతి బాగా తిరుగుతోందండీ, అదుపు లేదు. ఏడాది చూడండి" అన్నాడు. మా ఆయన అలాగేనండి అన్నాడు. ఏడాది ఎవరిస్తారో ఉమామహేష్‌కి తెలీదు.

ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండుకి ఆటో ఎక్కాం. పిల్లని పద్మనాభం బస్సెక్కించాలి. ఆటోలోంచే తండ్రికి ఫోన్ చేసింది. "రానేదు నాన్నా," అంది. తర్వాత ఊ, ఊ అంటూ చాలాసేపు విన్నది. ఫోన్ పెట్టేశాక మేమిద్దరం దాని మొహమే చూస్తున్నాం.

"ఏటన్నాడు?" అన్నాను.

"వరికోతలయ్యాక మాటాడుదాం అన్నాడాంటీ."

కోతలంటే ఇంకా నెలన్నర ఉంది. ఆ నెలన్నర చేతికి చాలుతుందో చాలదో మా ఆయన లోపల లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. కాసేపటికి పిల్లే నోరు తెరిచింది.

"సార్, మూడు తిరిగాయి."

"నాలుగు," అన్నాడు మా ఆయన. "పదోది నువ్వు సూణ్నేదు. బేట్‌కి తగిలీసింది గాని, అది తిరిగిందే. నీ సెయ్యి సూసినాను నాను."

ఆ పిల్ల ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వింది.

బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. మా ఆయన కండక్టరుతో మాట్లాడుతుంటే నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. "కోపమొచ్చిందా ఆంటీ?" అంది. నేను లేదనలేదు. "నిన్న మీరు సెప్పకపోతే గూగ్లీ ఏసీదాన్నేమో ఆంటీ. సార్ మళ్లీ బంతి ఎయ్యనేదని మీరు సెప్పకుండానే తెలిసిపోనాది, అప్పుడే వొద్దనుకున్నాను," అంది. బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాను.

బస్టాండులో సిమెంటు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఆయన మొహం అలిసిపోయి ఉంది, కానీ పన్నెండు రోజుల నాటి మొహం కాదు. ఇంక దాచడం నావల్ల కాలేదు.

"నిన్న ఆ పిల్లకి గూగ్లీ ఎయ్యమని నానే సెప్పినానండి," అన్నాను. "మీ సంగతంతా సెప్పీసినాను. ముందు పేరు తెచ్చుకో, మిగతాది తరవాత సూసుకుందువుగాని అన్నాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా పడదామనే చెప్పాను. ఆయన తన కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు.

"పోర్టు సెలక్షన్ ముందురోజు మా అమ్మ కూడా నాకు ఇదే సెప్పింది," అన్నాడు. "అన్నం వొడ్డిత్తా సెప్పింది. నాను ఇన్నాను."